స్టార్ ట్రెక్ 2లోని ముటారా నెబ్యులా: నీళ్ల తొట్టిలో ఆ మేఘం ఎలా పుట్టింది, ఇంట్లో అక్వేరియంతో ఎంతవరకు చేయొచ్చు?

తోకచుక్క:

1982లో వచ్చిన 'స్టార్ ట్రెక్ 2: ద రాత్ ఆఫ్ ఖాన్' చివర్లో ఎంటర్‌ప్రైజ్, రిలయంట్ నౌకలు ముటారా నెబ్యులా అనే అంతరిక్ష వాయు, ధూళి మేఘంలోకి దూరి, గుడ్డిగా ఒకదాన్నొకటి వెతుక్కునే యుద్ధం ఉంటుంది కదా. నా ప్రశ్న ఆ మేఘం గురించి. 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్‌లో అలాంటి ఘట్టం ఒకటి కావాలి. మొత్తం 8 షాట్లు, ఒక్కోటి 5 సెకన్లు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో స్మోక్ సిమ్యులేషన్ పెడితే పొగ గొట్టంలోంచి వచ్చే పొగలా ఉంది తప్ప నెబ్యులాలా లేదు.

1. ఆ మేఘం కంప్యూటర్ గ్రాఫిక్స్ అని కొందరు, నీళ్లలో రంగు వదిలారని కొందరు అంటున్నారు. ఏది నిజం?
2. 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు ఉన్న అక్వేరియంలో చేయొచ్చా? ఏం కలపాలి, ఎంత కలపాలి?
3. నౌక మేఘం మీద అతికించినట్టు కాకుండా మేఘం లోపల ఉన్నట్టు ఎలా కూర్చోబెట్టాలి?

నౌక బ్లెండర్ మోడల్. కెమెరా సోనీ మిర్రర్‌లెస్.

---

గాజుతొట్టి:

నెబ్యులా పూర్తిగా నీళ్ల తొట్టి పనే. ఆ సినిమాకి ఎఫెక్ట్స్ చేసింది ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్. కింద ఉప్పునీరు, పైన మంచినీళ్లు ఉన్న తొట్టిలోకి రబ్బరు పాలు, అమ్మోనియా కలిపిన మిశ్రమాన్ని వదిలారు. రంగులు నీళ్లలో కలపలేదు, దీపాల ముందు జెల్ అనే పారదర్శక రంగు షీట్లు పెట్టి తెల్ల మేఘానికే రంగు వేశారు. సెకనుకు 2 ఫ్రేముల చొప్పున తీశారు. లోపల కనిపించే మెరుపు కాంతులు యానిమేషన్ విభాగం విడిగా గీసి కలిపింది. కంప్యూటర్ గ్రాఫిక్స్ మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, అదే సినిమాలో కంప్యూటర్‌తో చేసిన జెనెసిస్ డెమో అనే ఘట్టం నుంచి. అది వేరే సంగతి.

అసలు కిటుకంతా రెండు నీళ్లలో ఉంది. ఇంట్లో రబ్బరు పాలకి బదులు మామూలు తాగే పాలు చాలు. ఒకే రకం నీళ్లలో ఆ పాలు వదిలితే తిన్నగా అడుగుకి దిగిపోతాయి. కింద బరువైన ఉప్పునీరు ఉంటే మేఘం ఆ పొర దాకా దిగి, ఇక దిగలేక పక్కలకు పరుచుకుంటుంది. బల్లపరుపుగా పరుచుకుని పైకి బుడిపెలు లేచే ఆ ఆకారమే కంటికి పెద్ద మేఘంలా అనిపిస్తుంది. మీ స్మోక్ సిమ్యులేషన్‌లో లేనిది ఈ 'నేల'.

మీ తొట్టికి లెక్క ఇది. 40 సెంటీమీటర్ల ఎత్తు వరకు నింపితే సుమారు 160 లీటర్లు. కింద 18 సెంటీమీటర్లు ఉప్పునీరు, అంటే 73 లీటర్ల దాకా. లీటరు నీటికి 75 గ్రాముల ఉప్పు, మొత్తం ఐదున్నర కిలోలు. ఇలా చేస్తే ఉప్పునీటి సాంద్రత 1.05 దగ్గర ఉంటుంది. పాల సాంద్రత 1.03. కాబట్టి పాలు మంచినీళ్లలో మునిగి ఉప్పునీటి మీద తేలతాయి. ఉప్పు తగ్గించి 40 గ్రాముల దగ్గర ఆపితే చిక్కటి పాలు పొరని చీల్చుకుని కిందకి పోతాయి.

ప్యాకెట్ ఉప్పు వద్దు. అది గడ్డకట్టకుండా కలిపే పొడి నీటిని మసకబారుస్తుంది. రాళ్ల ఉప్పు తీసుకుని బకెట్లలో కరిగించి, పలుచటి గుడ్డలో వడకట్టి, రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటుంది. పైతేట మాత్రమే వాడండి.

మంచినీళ్లు కూడా కనీసం ఒక రోజు అదే గదిలో నిలవ ఉండాలి. కారణాలు రెండు. కుళాయి నీటిలో కరిగిన గాలి నెమ్మదిగా బుడగలై గాజుకి అంటుకుంటుంది, లైటు పడగానే ఒక్కో బుడగ ఒక్కో నక్షత్రంలా మెరుస్తుంది. రెండోది వేడి. పైనీళ్లు కిందనీళ్ల కంటే చల్లగా ఉంటే లోపల ప్రవాహాలు పుట్టి మేఘాన్ని ఈడ్చేస్తాయి. రెండూ ఒకే వేడి మీద ఉండాలి, లేదా పైనీళ్లు ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉన్నా మంచిదే.

నింపే పద్ధతి: ముందు ఉప్పునీరు పోయండి. తొట్టి కొలత కంటే చుట్టూ ఒక సెంటీమీటరు తక్కువగా కత్తిరించిన పలుచటి పాలిథిన్ షీటు దాని మీద తేలేయండి. ఆ షీటు మీదకి సన్నటి గొట్టంతో మంచినీళ్లు చాలా నెమ్మదిగా వదలండి. నిండాక షీటుని ఒక అంచు పట్టుకుని నీటికి సమాంతరంగా లాగండి. పైకి ఎత్తారో, పొర చెదిరి అంతా కలిసిపోతుంది. తర్వాత అరగంట ముట్టుకోవద్దు.

బరువు మర్చిపోకండి. నీళ్లు, ఉప్పు, 10 మిల్లీమీటర్ల గాజు కలిపి 200 కిలోలు దాటుతుంది. భోజనాల బల్ల మీద పెట్టకూడదు. నేల మీదే, కింద అంగుళం మందం థర్మకోల్ వేసి పెట్టండి.

---

పాలపుంత:

షీటు పద్ధతి పెద్ద తొట్లకి సరే. 3 అడుగుల తొట్టికి మాత్రం తిరగేసి చేయడం మేలు. ముందు మంచినీళ్లు 22 సెంటీమీటర్లు నింపండి. తర్వాత ఎత్తులో పెట్టిన బకెట్‌లోంచి ఉప్పునీటిని గొట్టం ద్వారా అడుగుకి దించండి. గొట్టం చివర స్పాంజి ముక్క కట్టి అడుగున ఒక మూల ఆనించాలి. బరువైన నీరు తనంతట తానే కిందకి దూరి మంచినీళ్లని పైకి లేపుతుంది. లాగాల్సిన షీటూ లేదు, చెదిరే పొరా లేదు. 73 లీటర్లకి గంటకు పైనే పడుతుంది, తొందరపడితే స్పాంజి దగ్గరే నీళ్లు కలుస్తాయి. బకెట్ మార్చేటప్పుడు గొట్టంలో గాలి చేరకుండా చూసుకోండి. ఒక్క గాలిబుడగ అడుగు నుంచి పైకి లేచినా పొరలో చారిక పడుతుంది.

ఇక రబ్బరు పాలు. సినిమాలో వాడారు కదా అని మీరూ వాడాల్సిన పని లేదు. కేరళ నుంచి వచ్చే 60 శాతం రబ్బరు ఉన్న సాంద్ర లేటెక్స్ దొరుకుతుంది, అందులో అమ్మోనియా ముందే ఉంటుంది, గడ్డకట్టకుండా కాపాడేది అదే. కానీ ఇంట్లో మూడు చిక్కులు. ఒకటి, ఉప్పు గాని, బోరు నీళ్లలో ఉండే కాల్షియం గాని తగిలితే రబ్బరు తునకలు తునకలుగా విరుగుతుంది. రెండు, తలుపులు వేసి నల్లగుడ్డలు కట్టిన గదిలో అమ్మోనియా ఘాటు కళ్లని, ఊపిరితిత్తులని దెబ్బతీస్తుంది. మూడు, ఆ నీళ్లు కాలువలో పారబోస్తే గొట్టంలో రబ్బరు పేరుకుని మూసుకుపోతుంది.

పైగా లేటెక్స్ మంచినీళ్ల కంటే కూడా తేలిక, 0.95 దగ్గర ఉంటుంది. అందుకే పాలు దిగినట్టు దిగదు, పైకి లేస్తుంది. ఆకారం తలకిందులవుతుంది. ఫ్రేము తిప్పుకుంటే సరిపోతుంది గాని, మొదటిసారి చేసేవాళ్లకి ఇది అనవసరమైన కష్టం.

వెన్న తీయని పాలు ఒక వంతు, మంచినీళ్లు ఒక వంతు. ఇదే మీ మేఘం. సాంద్రత 1.015 చేరుతుంది, అంటే నెమ్మదిగా దిగుతుంది. నెమ్మదిగా దిగితేనే పెద్దదిగా అనిపిస్తుంది. ఇంకా దట్టమైన తెలుపు కావాలంటే తెల్ల పోస్టర్ కలర్ ఒక వంతుకి నీళ్లు ఐదు వంతులు కలిపి వడకట్టండి. అయితే అందులోని రంగుపొడి కొంతసేపటికి పొరని దాటి వానలా కిందకి రాలుతుంది. నెబ్యులాలో వాన పడటం కనిపిస్తే షాట్ పోయినట్టే.

వదిలే తీరు: 50 మిల్లీలీటర్ల సిరంజి, దానికి అక్వేరియం గాలిగొట్టం, చివర 20 సెంటీమీటర్ల సన్నటి స్టీలు గొట్టం. ముందుగా గొట్టం చివరి దాకా మిశ్రమంతో నింపి గాలి లేదని చూసుకోండి. స్టీలు గొట్టం మొనని మధ్యపొరకి రెండు సెంటీమీటర్ల పైన, అడ్డంగా పెట్టండి. 50 మిల్లీలీటర్లు వదలడానికి 20 సెకన్లు తీసుకోండి. గట్టిగా నొక్కితే పుట్టగొడుగు తలలాంటి సుడి వస్తుంది. ఆ సుడి కనిపించిన క్షణమే చూసేవాడికి 'ఓహో, నీళ్లలో పాలు' అని తెలిసిపోతుంది. వదిలాక గొట్టాన్ని మెల్లగా తీసేసి ఒక నిమిషం ఆగండి. సుడులు చచ్చి, మేఘం పరుచుకోవడం మొదలయ్యాకే మీకు కావలసిన ఫుటేజ్.

ఒకసారి నింపిన నీళ్లలో రెండు టేకులు బాగా వస్తాయి. మూడో దానికి నీళ్లంతా మసక, నలుపు నలుపుగా ఉండదు.

---

ఆరోఫ్రేము:

2 ఫ్రేముల సంగతి గాజుతొట్టి గారు ఒక్క వాక్యంలో దాటేశారు గాని, మీ షాట్లు నిలబడేదీ పడిపోయేదీ అక్కడే. సెకనుకు 2 చొప్పున తీసి 24 చొప్పున చూపిస్తే కదలిక 12 రెట్లు వేగం అవుతుంది. మధ్యపొర మీద మేఘం పాకే వేగం కంటికి దాదాపు కనిపించనంత తక్కువ. 12 రెట్లు చేస్తేనే అది మరుగుతున్నట్టు, బతికున్నట్టు ఉంటుంది.

మామూలు వీడియో తీసి ఎడిటింగ్‌లో 12 రెట్లు వేగం పెంచితే చాలదా అంటే, చాలదు. 24 ఫ్రేముల వీడియోలో షటర్ 1/50 ఉంటుంది. 12లో 11 ఫ్రేములు పారేస్తే మిగిలిన ప్రతి ఫ్రేమూ పదునుగా, ఒకదానికొకటి సంబంధం లేకుండా గెంతుతుంది. 2 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేము సమయంలో సగంసేపు షటర్ తెరిచి ఉంచితే అది 1/4 సెకను. ఆ పావు సెకను అలుకుడే మెత్తదనం ఇస్తుంది.

సోనీలో ఎస్ అండ్ క్యూ (స్లో అండ్ క్విక్) మోడ్‌లో 2 ఫ్రేముల ఎంపిక ఉంటుంది. రికార్డింగ్ 24 పెట్టి, ఫ్రేమ్ రేట్ 2, షటర్ 1/4, ఫోకస్ మాన్యువల్, వైట్ బ్యాలెన్స్ ఒకే అంకె మీద కట్టేయండి. ఆ మోడ్ లేని కెమెరా అయితే 24 ఫ్రేములు, షటర్ 1/25 మీద తీసి, ప్రతి 12 ఫ్రేముల్లో మొదటి 6 ఫ్రేముల సగటు తీసి ఒక ఫ్రేము చేయండి. ఆరు ఫ్రేముల సగటు దాదాపు పావు సెకను షటర్‌కి సమానం. నాయిస్ కూడా తగ్గుతుంది.

దీని వల్ల ఇంకో లాభం. తొట్టి చిన్నదని పట్టిచ్చేది వెనక భాగం మసకబారడమే. కోట్ల కిలోమీటర్ల మేఘానికి ముందూ వెనకా ఫోకస్ తేడా ఉండదు. కాబట్టి లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్/11 మీద పెట్టాలి. మామూలు వేగంలో ఎఫ్/11కి లైటు చాలక చస్తాం, 1/4 షటర్‌తో ఐఎస్ఓ 200 దగ్గరే పని అయిపోతుంది. ఎల్‌ఈడీ లైట్ల ఫ్లికర్ కూడా పావు సెకనులో కలిసిపోయి కనబడదు.

లెక్క: 5 సెకన్ల షాట్ అంటే 120 ఫ్రేములు, అంటే తొట్టి ముందు ఒక నిమిషం. 8 షాట్లకి 8 నిమిషాలు. ఒక మంచి టేకుని పది నిమిషాలు ఆపకుండా తీస్తే, అందులోంచే వేర్వేరు భాగాలు కత్తిరించి, అద్దంలోలా తిప్పి, తలకిందులు చేసి మొత్తం ఘట్టానికి సరిపెట్టుకోవచ్చు. 4కేలో తీసి పూర్తి హెచ్‌డీలో ముగిస్తే ఫ్రేములో నాలుగో వంతు భాగాన్ని కూడా వాడుకోవచ్చు.

లైట్లు రెండు చాలు. ఒకటి పక్కనుంచి నీలం జెల్‌తో, ఇంకోటి పై నుంచి కొంచెం వెనకగా, గులాబీ కలిసిన ఊదా జెల్‌తో. వెనక నల్ల వెల్వెట్ గుడ్డ, గాజుకి కనీసం ఒక అడుగు దూరంలో. ముందు నుంచి లైటు వేయకండి, మేఘం చదునైపోతుంది.

మెరుపు కావాలంటే మూడో లైటుని చేత్తో వెలిగించండి. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. తొట్టి ముందు అర సెకను వెలిగిస్తే తెర మీద అది ఒక్క ఫ్రేము. మూడు ఫ్రేముల మెరుపు కావాలంటే ఒకటిన్నర సెకను వెలిగించి ఆర్పాలి. ఏ నిమిషంలో ఏ వైపు నుంచి వెలిగించారో కాగితం మీద రాసుకోండి, నౌక మీద అదే క్షణంలో అదే రంగు వెలుగు పడాలి కాబట్టి.

---

తోకచుక్క:

చాలా వివరంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. చిన్న గాజు గిన్నెలో పరీక్షకి చేస్తే మేఘం కింద అడ్డంగా ఒక మెరిసే గీత కనిపిస్తోంది, అద్దంలో నీడలా. అది ఎలా పోతుంది? ఇంకోటి, నౌక సంగతి ఎవరూ చెప్పలేదు.

---

గాజుతొట్టి:

ఆ గీత మధ్యపొరే. ఉప్పునీటికీ మంచినీళ్లకీ కాంతి వంగే తీరు వేరు. కెమెరా సరిగ్గా ఆ పొర ఎత్తులో ఉంటే ఏటవాలు చూపుకి పొర అద్దంలా పనిచేస్తుంది. కెమెరాని పొరకి పది సెంటీమీటర్ల పైకి లేపి కొంచెం కిందకి చూపించండి. మేఘాన్ని పై నుంచి చూస్తున్నట్టూ ఉంటుంది, గీతా పోతుంది. ఎక్కువ వంచితే గాజు మందం వల్ల అంచుల్లో రంగులు విడిపోతాయి, ఐదారు డిగ్రీలు దాటొద్దు. షీటు లాగిన వెంటనే ఎండాకాలం రోడ్డు మీద గాలి ఆడినట్టు నీళ్లు అల్లల్లాడటం కనిపిస్తే, అది నీళ్లు ఇంకా కలుస్తున్న గుర్తు. మరో పావుగంట ఆగండి.

---

నమూనానౌక:

నౌక సంగతి నేను చెప్తాను. ఎంటర్‌ప్రైజ్ నమూనా 1979 నాటి మొదటి సినిమా కోసం కట్టింది, పొడవు 8 అడుగులు. దాన్ని స్టాండ్ మీద బిగించాలంటే ఎనిమిది మంది, కదపాలంటే ఫోర్క్‌లిఫ్ట్ కావాల్సి వచ్చేది. పైగా దాని మీద ముత్యంలా మెరిసే పూత ఉండేది. బ్లూ స్క్రీన్ ముందు పెడితే ఆ మెరుపులో నీలం ప్రతిఫలిస్తుంది, నీలాన్ని తీసేసినప్పుడు నౌకలో కూడా చిల్లులు పడతాయి. అందుకే రెండో సినిమాకి ఆ మెరుపుని చంపి, పైన వివరాలు అదనంగా అద్దారు. కొత్తగా కట్టిన రిలయంట్ తేలిక, లోపలి వైరింగ్ కూడా సులువు.

మీకు బ్లూ స్క్రీన్ బాధ లేదు గాని పాఠం అదే. మెటీరియల్ రఫ్‌నెస్ 0.5 కంటే కిందకి దించకండి. దట్టమైన మేఘంలో అన్ని దిక్కుల నుంచీ మెత్తటి వెలుగు వస్తుంది, అక్కడ నిగనిగలాడే నౌక స్టూడియోలో తీసినట్టే ఉంటుంది.

కూర్చోబెట్టడానికి ఒక్క మేఘం పొర చాలదు, కనీసం మూడు కావాలి. వెనక ఒకటి. దాని మీద నౌక. నౌక ముందు ఇంకో మేఘం, అదే ఫుటేజ్‌లో వేరే నిమిషం, 150 శాతం పెద్దది చేసి. ముందు పొరని ఉత్తి స్క్రీన్ మోడ్‌లో (కింది బొమ్మకి వెలుగు మాత్రమే కలిపే పద్ధతి) వేస్తే నౌక మీద వెలుగు మాత్రమే పడుతుంది, నౌక దాగదు. ఆ ఫుటేజ్ తెలుపునే మాట్‌గా, అంటే ఎక్కడ ఎంత కప్పాలో చెప్పే ముసుగుగా వాడండి, అప్పుడు దట్టంగా ఉన్నచోట నౌక నిజంగా మాయమవుతుంది. కెమెరా జరిగితే ముందు పొర ఎక్కువగా, వెనక పొర తక్కువగా జరగాలి.

చివరగా నలుపు. నౌక మీది అత్యంత నల్లటి నీడ, దాని ముందున్న మేఘం రంగు కంటే నల్లగా ఉండకూడదు. కలర్ పికర్‌తో మేఘం పలుచటి చోట అంకె చూసి, నౌక నలుపుని అక్కడిదాకా లేపండి. అతికించినట్టు కనబడే షాట్లలో పదికి తొమ్మిది ఈ ఒక్కదానితో సర్దుకుంటాయి. తర్వాత నౌక అంచుని ఒక పిక్సెల్ మెత్తబరచండి. ఆరోఫ్రేము చెప్పిన మెరుపుల కాగితం తీసి, ఆ ఫ్రేముల్లో అదే వైపు నుంచి లైటు పెట్టండి.

షాట్ల ప్లాన్ గురించి కూడా ఒక మాట. ఆ ఘట్టం పట్టు ఎక్కడుందంటే, నెబ్యులాలో షీల్డులు పనిచేయవు, సెన్సార్లు పనిచేయవు. దర్శకుడు నికొలస్ మేయర్ దాన్ని జలాంతర్గాముల వేటలా నడిపించాడు. రిలయంట్‌ని నడిపే విలన్ ఖాన్‌కి ముందూ వెనకా, కుడీ ఎడమా తప్ప పైనా కిందా ఆలోచన లేదని ఎంటర్‌ప్రైజ్‌లోని స్పాక్ పసిగడతాడు. ఎంటర్‌ప్రైజ్‌ని నడిపే కిర్క్ తన నౌకని 10,000 మీటర్లు కిందకి దించి ఆపి, రిలయంట్ పైనుంచి దాటాక దాని వెనక పైకి లేస్తాడు. మీ 8 షాట్లలో కనీసం మూడింటిలో నౌక కనిపించకూడదు, లేదా సగమే కనిపించాలి. మధ్యపొర మీద పరుచుకున్న మీ మేఘం చదునైన నేల కదా, దాన్ని చీల్చుకుని నౌక పైకి లేచే షాట్‌కి అది అచ్చంగా సరిపోతుంది. ఆ షాట్‌లో ముందు పొర మాట్‌ని నేల ఎత్తు దగ్గర అడ్డంగా గ్రేడియంట్‌తో ముగించండి.

---

జెనెసిస్‌డెమో:

మొదటి ప్రశ్నలోని కంప్యూటర్ గ్రాఫిక్స్ భాగం. నిర్జీవ గ్రహం మీద నిప్పు గోడ పాకి, కొండలు, నీళ్లు, పచ్చదనం వచ్చే ఆ డెమో సుమారు నిమిషం నిడివి. లూకాస్‌ఫిల్మ్ కంప్యూటర్ విభాగంలో ఆల్వీ రే స్మిత్ నడిపిన పని, ఆ విభాగంలోని గ్రాఫిక్స్ బృందమే తర్వాత పిక్సార్ అయింది. కొండలు లోరెన్ కార్పెంటర్ ఫ్రాక్టల్స్‌తో (చిన్న భాగంలోనూ పెద్ద ఆకారమే పునరావృతమయ్యే లెక్కలతో) చేసినవి. నిప్పు బిల్ రీవ్స్ పార్టికల్ సిస్టమ్స్ (వేల చిన్న కణాలతో బొమ్మ కట్టే పద్ధతి), వాటి మీద ఆయన పత్రం 1983లో వచ్చింది.

ఆ పత్రంలోని ఒక సంగతి మీకు ఇప్పుడే పనికొస్తుంది. ప్రతి కణానికి స్థానం, వేగం, పరిమాణం, రంగు, పారదర్శకత, ఆయుష్షు ఉంటాయి. గీసేటప్పుడు దాన్ని చుక్కగా గీయరు. షటర్ తెరిచి ఉన్నంతసేపు అది ప్రయాణించిన దారిని గీతగా గీస్తారు. తొట్టి దగ్గర 1/4 షటర్ చేసే పనే ఇది. కాబట్టి నౌక ఇంజన్ పేలినప్పుడు నిప్పురవ్వలు బ్లెండర్‌లో వేస్తే మోషన్ బ్లర్ తప్పనిసరిగా పెట్టండి, షటర్ విలువ 0.5. రవ్వల ఆయుష్షు అన్నిటికీ ఒకేలా 30 ఫ్రేములు పెడితే అన్నీ ఒక్కసారే ఆరిపోయి బొమ్మ పటాకాలా ఉంటుంది. 10 నుంచి 40 మధ్య చెదరగొట్టండి, రంగు తెలుపు నుంచి పసుపు, నారింజ మీదుగా ఎరుపుకి దిగాలి.

మేఘానికి మాత్రం పార్టికల్స్ జోలికి పోకండి, తొట్టే మేలు. సినిమాలో రిలయంట్ ఇంజన్ గూడు తెగిపోయే షాట్ కూడా ఇంజన్ ముక్కలయ్యే ఫుటేజ్‌ని, పేలుళ్లని నమూనా మీద ఒకదాని మీద ఒకటి పొరలుగా వేసి చేసిందే.

---

పాలపుంత:

నీళ్లు పారబోసే ముందు ఒకటి. ఉప్పునీళ్లు మొక్కలకి పోయకండి, చచ్చిపోతాయి. బాత్రూం కాలువలోకి గొట్టంతో లాగేయండి. పాలు కలిసిన నీళ్లు తొట్టిలో ఒక రాత్రి ఉన్నాయంటే గాజు మూలల సిలికాన్‌కి వాసన పట్టేస్తుంది, షూటింగ్ అయిన రోజే ఖాళీ చేసి వెనిగర్ నీళ్లతో తుడవండి.